బుడ్డిలో నివేదిక

కదిరి ఊళ్లో చెలిమె అనే సంస్థ ఒకటి ఉంది. అందులో గంగరత్న చేసే పని ఏమిటని ఎవరైనా అడిగితే మిగతావాళ్లు నవ్వి, "పని చేసేది మేము, చేసినట్టు చూపించేది ఆయమ్మ" అనేవారు. అందులో ఎగతాళి ఉందేమో గానీ అబద్ధం లేదు.

చుట్టుపక్కల పల్లెల్లో ఆడవాళ్లకు బ్యాటరీ బండ్లు నేర్పించడం చెలిమె పని. ఆసుపత్రికైనా సంతకైనా ఎవరో ఒక మగవాడు వచ్చి వెనక సీట్లో కూర్చోబెట్టుకునేదాకా కాచుకోకుండా, తమంతట తామే పోగలగాలని దాని ఉద్దేశం. నేర్పే అమ్మాయిలు ఎండలో బండి వెంట పరిగెత్తేవారు. గంగరత్న ఫ్యాను కింద కూర్చుని ఆ పరుగునంతా నివేదికగా రాసేది. ఆ నివేదిక ఏటా ముంబైలోని ఫౌండేషన్‌కు పోవాలి, వాళ్లకు నచ్చాలి, అప్పుడే మరుసటి ఏటికి గ్రాంటు. ఆమె రాసింది చదివి డైరెక్టర్ నాగభూషణం, "ఇన్ని పనులు మనమే చేసినామా తల్లీ" అని ఆశ్చర్యపోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

అయితే కాలం ఒక్కలా ఉండదు కదా. నివేదికలు రాసే యంత్రాలు వచ్చాక ప్రతి సంస్థ నివేదికా పెళ్లికూతురిలా ముస్తాబై రావడం మొదలైంది. ఒక్క మొక్క నాటినవాళ్లూ అడవిని పెంచినవాళ్లూ ఒకే భాషలో, ఒకే తీరుగా మెరిసిపోయారు. చదివేవాళ్ల దగ్గరా యంత్రాలే కూర్చున్నాయి. యంత్రం రాసింది యంత్రమే చదివి, భేషుగ్గా ఉందని యంత్రమే మెచ్చుకుంటూ ఉంటే ఫౌండేషన్ పెద్దలకు విసుగెత్తింది. ఇకమీదట కాగితాలు వద్దు, అనుభవ పాత్రలు పంపండి అని కబురు చేశారు.

ఆ పాత్రలేమిటో చూపించడానికి బెంగళూరు ప్రయోగశాల నుంచి డాక్టర్ శమంతకమణి వచ్చింది. పేరు బరువుగా ఉన్నా మనిషి సన్నగా, చురుగ్గా ఉంది. పుట్టి పెరిగింది హిందూపురం. పెట్టె తెరిస్తే అందులో బొటనవేలంత గాజు సీసాలు వరుసగా ఉన్నాయి.

"వీటికి అంత పేరెందుకు మేడం, మా పక్క బుడ్డి అంటారు" అన్నాడు నాగభూషణం.

"మా పక్కనూ అంతే సార్" అని ఆమె నవ్వింది. "నుదుటికి ఈ పట్టీ కట్టుకొని, బుడ్డి అరచేతిలో పెట్టుకొని, శానా సంతోషపడిన రోజు ఒకటి తలుచుకోవాల. ఆ సంతోషం దీంట్లోకి దిగుతుంది. అక్కడ ముంబైలో మూత తీసి పట్టుకున్నోళ్లకు అదే సంతోషం కలుగుతుంది. అబద్ధం మాత్రం ఎక్కదు."

నాగభూషణం వెంటనే పట్టీ కట్టుకుని, కిందటేడు జరిగిన వార్షికోత్సవాన్ని కళ్లు మూసుకుని గట్టిగా తలుచుకున్నాడు. బుడ్డి నీళ్ల సీసాలా అట్లాగే ఉండిపోయింది. ఆయన పట్టీ విప్పి, దగ్గి, కిటికీ వైపు చూశాడు.

మిగతావాళ్లెవరూ ముందుకు రాలేదు. వాళ్ల భయం పోగొట్టడానికి గంగరత్న తనే కూర్చుంది. ఏ రోజు తలుచుకోవాలో ఆమె వెతుక్కోనక్కర్లేదు.

ఆమె కూతురు పినాకినికి అయిదేళ్లు వచ్చేదాకా మాట రాలేదు. డాక్టర్లయ్యారు, మొక్కులయ్యాయి, ఓదార్చే చుట్టాల సలహాలూ అయ్యాయి. గంగరత్న భర్త ఓబులేసు బస్సు కండక్టరు. ఒక పొద్దున పిల్లను చంకనెత్తుకుని ఆమె బస్టాండులో నిలబడి ఉంది. ఓబులేసు రైట్ రైట్ అన్నాడు, బస్సు కదిలింది. పిల్ల వేలు చూపించి, "బస్సు పాయ" అంది. అమ్మ కాదు, అత్త కాదు. బస్సు పాయ. గంగరత్న చెప్పులు వదిలేసి, పిల్లతో సహా బస్సు వెంట పరిగెత్తింది. సంగతి విన్న ఓబులేసు బస్సు ఆపించి, అంగడిలో ఉన్న మైసూరుపాకంతా తెచ్చి ప్రయాణికులకు పంచాడు. ఆలస్యమైందని ఆ రోజు ఒక్కరూ సణగలేదు.

ఆమె ఆ పొద్దును తలుచుకోగానే బుడ్డి అడుగున పసుపు రంగు కదిలింది, పైకి పాకింది, మూతదాకా నిండింది. అందరూ చప్పట్లు కొట్టారు.

ఫౌండేషన్‌లో గ్రాంట్లు చూసే అధికారి పేరు ఫాటక్. ఎన్నో ఏళ్లుగా ఆయన గొంతు గంగరత్నకు ఫోనులో తెలుసు. అంకెలు తప్ప మరో మాట రాని గొంతు అది. బుడ్డి చేరిన రోజున అదే గొంతు బొంగురుపోయింది. తను ఆఫీసులో అందరి ముందూ ఏడ్చానని, ఉద్యోగంలో చేరాక మొదటిసారి పెందలాడే ఇంటికి పోయానని ఆయన హిందీలో చెప్పాడు. తర్వాత గొంతు సవరించుకుని అసలు మాట అన్నాడు. ఇట్లాంటివి ఒక పెట్టె నిండా పంపితే చెలిమెకు గ్రాంటు ఖాయం, అందులో లేపాక్షమ్మ బుడ్డి తప్పకుండా ఉండాలి.

లేపాక్షమ్మ సంగతి ముంబైదాకా పాకిందంటే వింత లేదు. గువ్వలపల్లిలో చింతపండు వ్యాపారం చేసే మనిషి, యాభై దాటిన వయసు. చెలిమె అమ్మాయిల దగ్గర బండి నడపడం నేర్చుకుంది, ఆపడం ఇంకా నేర్చుకోకముందే ఒంటరిగా బయల్దేరింది. రచ్చకట్ట మీద నవ్వుతున్న మగవాళ్లను దాటింది, సొంత ఇల్లు దాటింది, ఊరు దాటింది, పక్క ఊరు కూడా దాటింది. బ్యాటరీ అయిపోయాకే బండి నిలిచింది. వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు రోడ్డు పక్కన కూర్చుని ఒక్కతే పగలబడి నవ్వుతూ కనిపించింది.

ఆ ఆదివారం ఓబులేసు చెల్లెలి కుటుంబం భోజనానికి వచ్చింది. ఇంట్లో చుట్టాలుంటే అతను బస్సు కథ చెప్పకుండా ఉండలేడు. చెయ్యి కడుక్కోకుండానే మొదలుపెట్టాడు. చెప్పులు వదిలి గంగరత్న పరిగెత్తిన చోట అందరూ నవ్వారు. మైసూరుపాకు దగ్గర అతని కళ్లు ఎప్పటిలాగే తడిశాయి. గంగరత్న కూడా వింటోంది. ప్రతిదీ గుర్తుంది ఆమెకు. బస్సు నంబరు గుర్తుంది, పిల్ల వేసుకున్న గౌను గుర్తుంది. కానీ లోపల ఏమీ కదల్లేదు. పక్కింటివాళ్ల పెళ్లి వీడియో చూస్తున్నట్టుంది.

"ఏం రత్నా, తలనొప్పా?" అన్నాడు ఓబులేసు.

"ఏం లేదప్పా. ఎండకు తిరిగినా కదా" అంది ఆమె.

పినాకినికి ఇప్పుడు పద్నాలుగేళ్లు. అయిదేళ్లు దాచిపెట్టుకున్న మాటలన్నీ అప్పటినుంచీ ఖర్చు పెడుతూనే ఉంది. బడిలో టీచర్లు దండం పెట్టినా ఆగదు. అట్లాంటి పిల్ల మరునాడు జడ వేయించుకుంటూ చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంది. చివరికి, "అమ్మా, నేను మాట్లాడినప్పుడు నీకు సంతోషం కాలేదా?" అని అడిగింది.

గంగరత్న చేతిలో జడ ఆగిపోయింది. అయింది బిడ్డా అని అనగలదు, అది నిజమే కూడా. కానీ ఆ మాటలో పస లేదని పిల్లకు తెలిసిపోతుంది. ఆమెకు భయమేసింది. ఇంతకుముందు ఎన్నడూ వేయని రకం భయం.

ఆ వారమే సెలవు పెట్టి బెంగళూరు వెళ్లింది. శమంతకమణి ఆమె నుదుటికి పట్టీ కట్టి, తెర మీద గీతలు చూస్తూ, చూస్తూ, కుర్చీలో వెనక్కి వాలింది.

"కొంచెం పలచబడుతుంది అనుకున్యామక్కా. మొత్తం పోతుందని తెలీదు. ఇక్కడ మా పిల్లోళ్లు పరీక్ష పాసైన రోజు, క్రికెట్టు గెలిచిన రోజు ఇచ్చినారు. అవి పోయినా వాళ్లకు తెలిసిరాలేదు. ఇంత పెద్దది ఎవరూ ఇయ్యలేదు."

"వెనక్కి తెప్పించేకి కాదా మేడం?"

"ఆయన మూత తీసి అనుభవించేసినాడు కదా. ఖాళీ బుడ్డే వస్తుంది" అని ఆమె తలదించుకుంది. తప్పు తనదేనని రెండుసార్లు చెప్పింది. రెండుసార్లు చెప్పినా పోయింది రాలేదు.

నాగభూషణం సంగతంతా విని మీసం నిమురుకున్నాడు. చెడ్డవాడు కాదు, ఇరుక్కున్న మనిషి. "పెట్టె పంపకపోతే బండ్లు నేర్పే అమ్మాయిలందరినీ ఇంటికి పంపాల్సిందే గంగరత్నమ్మా. పంపితే మనోళ్ల సంతోషాలు పోతాయి. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి. ఏం చేద్దాం చెప్పు." గంగరత్నకు ఒక్కటి మాత్రం తెలుసు. లేపాక్షమ్మ నుదుటికి ఆ పట్టీ కట్టనివ్వకూడదు.

గువ్వలపల్లికి వెళ్లేసరికి లేపాక్షమ్మ చిన్న సుత్తితో కొట్టి చింతపండు గింజ తీస్తోంది. గంగరత్న దాచకుండా అంతా చెప్పింది. తన బుడ్డి సంగతి, బస్సు సంగతి, పినాకిని అడిగిన ప్రశ్న కూడా. చెప్తూ చెప్తూ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. లేపాక్షమ్మ సుత్తి పక్కన పెట్టి శ్రద్ధగా వింది.

"ఖాళీ బుడ్డి యాడుండాది ఇప్పుడు?"

"వచ్చింది పెద్దమ్మా. కొరియర్లో నిన్ననే వచ్చింది. మళ్లా నింపి పంపమని."

"ఖాళీగానే పంపినాడా?"

"ఊ."

లేపాక్షమ్మ ముఖం చిట్లించింది. "ఇదేం మర్యాదమ్మా. పక్కింటోళ్లు గిన్నెలో కూరిస్తే ఆ గిన్నె ఖాళీగా ఇస్తామా? ఏమీ లేకుంటే చిటికెడు చక్కెరన్నా ఏసిస్తాము. గిన్నె ఖాళీగా తిరిగిస్తే ఆ ఇంటికీ ఈ ఇంటికీ ఏముండాది ఇంక?"

"వాళ్లకు ఈ పద్ధతులు తెలీవు పెద్దమ్మా."

"తెలీకుంటే చెప్పాల. నువ్వు ఇన్నేండ్లు వాళ్లకు రాస్తాండావే, ఒక్కసారన్నా చెప్పినావా? నా సంతోషం ఇచ్చేకి నాకేం బాధ లేదు. ఉండేది పంచుకుంటే తప్పేముంది. కానీ గిన్నె ఖాళీగా పంపేవాళ్లకు నేనియ్యను. ఇదే మాట రాసి పంపు."

గంగరత్న ఆఫీసుకు వచ్చి అదే రాసింది. లక్ష్యాలు, ఫలితాలు, సూచికలు, ఆమె వేలికొసల మీద ఉండే మాటలేవీ వాడలేదు. మా వైపు ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వరు, మీ బుడ్డి మీకే పంపుతున్నాము, మీ దగ్గర ఉన్నదేదైనా అందులో వేసి పంపండి, అది చూశాకే పెట్టె సంగతి మాట్లాడుకుందాం అని నాలుగు ముక్కలు. నాగభూషణం సంతకం పెట్టే ముందు దాన్ని రెండుసార్లు చదివాడు. "దానం అడిగేవాళ్లం మనం, దబాయిస్తాండామేమో" అన్నాడు. అయినా పెట్టాడు.

ముంబై నుంచి చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. నేర్పే అమ్మాయిలు వేరే పనులు వెతుక్కోవడం మొదలుపెట్టారు. అందరూ ఆశ వదులుకున్నాక ఒక చిన్న పొట్లం వచ్చింది. బుడ్డి అడుగున పసుపు రంగు చుక్క, మహా అయితే చెంచాడు. వెంట ఫాటక్ చీటీ. తనకు చెప్పుకోదగ్గ సంతోషాలు పెద్దగా లేవని, ఉన్నదాంట్లో ఒకటి కొంచెం వేశానని, మొత్తం వేయడానికి ధైర్యం చాల్లేదని రాశాడు. ఒక ఏడు వానకు ముంబై అంతా ఆగిపోయి, ఆఫీసు లేదని తెలిసి, మళ్లీ దుప్పటి కప్పుకుని పడుకున్న పొద్దట అది.

"వాన పడితే పండుకునేకి సంతోషపడినాడా" అని నాగభూషణం నోరు తెరిచాడు. వాన కోసం మొగులు చూసి చూసి మెడలు పట్టేసిన సీమ అది. ఆ మాటకు ఆఫీసంతా నవ్వింది.

గంగరత్న మూత తీసి అరచేతిలో పట్టుకుంది. ఒళ్లు వెచ్చబడింది, బద్ధకంగా, హాయిగా ఉంది. ఆవులింత కూడా వచ్చింది. అంతే. బస్సు పొద్దును తలుచుకుని చూసింది. అది ఎప్పటిలాగే చప్పగా ఉంది. పోనీలే, పాపం ఆయన మర్యాద నేర్చుకున్నాడు అనుకుని బుడ్డి బల్ల మీద పెట్టేసింది. ఇంటికి పోయి అన్నం తిని పడుకుంది.

మరునాడు ఓబులేసు డ్యూటీలో ఉన్న బస్సులోనే ఆమె, పినాకిని కూర్చున్నారు. ఒకరికి ఆఫీసు, ఒకరికి బడి. పిల్ల ఎప్పటిలాగే ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతోంది. సైన్సు టీచరు చీర గురించి మొదలై, కప్ప గుండెకాయ మీదుగా, స్నేహితురాలి మీద చాడీల్లోకి దిగింది. గంగరత్న ఊ కొడుతూ కిటికీలోంచి చూస్తోంది. ఉన్నట్టుండి ఆ గొంతు ఆమెకు వినపడింది. మాటలు కాదు, గొంతు. ఈ గొంతు లేని అయిదేళ్లు గుర్తొచ్చాయి. గుండెలో ఏదో గట్టిపడి, నిండి, పొంగింది. చెప్పుల్లేని కాళ్ల కింద తారు రోడ్డు మంట కూడా తెలిసింది. ఆమె నవ్వడం మొదలుపెట్టింది, నవ్వుతూనే ఏడ్చింది.

"అమ్మా, ఏమైందమ్మా?"

ఓబులేసు టికెట్లు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. "ఏమైంది రత్నా?"

"ఏమప్పా, ఆ పొద్దు ఈ పిల్ల ఏమన్యాదో తెలుసా వీళ్లందరికీ?" అని గంగరత్న సీట్లోంచి లేచి నిలబడింది. బస్సులో అందరూ తిరిగి చూశారు. ఎప్పుడూ మొగుడు చెప్పే కథను ఆమె మొదటిసారి తనే చెప్పింది. అతనికన్నా బాగా చెప్పింది. పినాకిని సిగ్గుతో సంచిలో ముఖం దాచుకుని, "అమ్మా, గమ్మునుండు, మా క్లాసోళ్లు ఉండారు" అని బతిమాలింది. సంచి వెనక ఆ పిల్ల నవ్వుతున్న సంగతి తల్లికి కనిపిస్తూనే ఉంది.

సంగతి ఫోనులో విని, శమంతకమణి పట్టీ తీసుకుని ఆ సాయంత్రమే కదిరికి వచ్చేసింది. తెర మీద గీతలు మళ్లీ మళ్లీ చూసి, మోకాలి మీద చరుచుకుంది. "తోడక్కా, తోడు. సంతోషం తీసేసినాక జ్ఞాపకం పాల మాదిరి ఉండిపోతుంది. దాంట్లో ఎవరిదైనా ఒక చెంచాడు సంతోషం పడితే చాలు, నిదానంగా తోడుకుంటుంది. తోడు పక్కింటోళ్లదైనా పెరుగు మన పాలదే కదా. ఆ ఫాటక్ సారు పిసినారితనం చేసి తనలో కొంచెం మిగుల్చుకున్యాడు చూడు, ఆయనది పోలేదు. ఇకమీద చెంచాడుకన్నా ఎక్కువ పట్టకుండా బుడ్డీలు చేస్తాను. ఇచ్చినోళ్లకూ మిగుల్తుంది, పుచ్చుకున్నోళ్లకూ తోడవుతుంది."

ఆ కొత్త బుడ్డీలతో చెలిమె పెట్టె ముంబైకి వెళ్లింది. లేపాక్షమ్మ తన పరుగులోంచి ఒక్క చెంచాడు ఇచ్చి, పట్టీ విప్పగానే ఆ రోజు తలుచుకుని గట్టిగా నవ్వి, ఏమీ తగ్గలేదని నిర్ధారించుకున్నాకే ఇంటికి పోయింది. గ్రాంటు వచ్చింది. దాంతోపాటు కొత్త పద్ధతి ఒకటి వచ్చింది. ఏడాది చివర ఇక్కడి పెట్టె అక్కడికి పోయినట్టే, అక్కడి పెట్టె ఇక్కడికి రావాలి. ఫౌండేషన్‌లో ప్రతి అధికారీ తన బుడ్డి తను నింపి పంపాలి. నివేదిక అడిగేవాళ్లు నివేదిక ఇవ్వడం అదే మొదలు.

ఆ పెట్టె వచ్చిన రోజు చెలిమె ఆఫీసు ముందు బ్యాటరీ బండ్లు బారులు తీరాయి. పల్లెల ఆడవాళ్లంతా చాపల మీద కూర్చుని, ఒక్కో బుడ్డి చేతులు మార్చుకుంటూ చూశారు. మూల్యాంకనం అనే మాట గంగరత్న ఎన్నో ఏళ్లు రాసింది గానీ, అది ఇంత సందడిగా జరగడం ఇప్పుడే చూస్తోంది. ఫౌండేషన్ అధ్యక్షుడు ఏదో అవార్డు పుచ్చుకున్న రోజును పంపాడు. "మజ్జిగ మాదిరి పల్చగుండాది. ఇంకోటి పంపమని రాయమ్మా" అన్నారు ఆడవాళ్లు. లెక్కలు చూసే ఒకావిడ పంపిన బుడ్డి ముసలమ్మల్ని కూడా కిలకిల నవ్వించింది. ఎందుకు నవ్వుతున్నారో వాళ్లకే తెలియదు. గంగరత్న అందరి మాటలూ రాసుకుంది.

చివరికి ఫాటక్ బుడ్డి మిగిలింది. ఈసారి చెంచాడూ నిండుగా ఉంది. వెంట చీటీ లేదు. లేపాక్షమ్మ మూత తీసి అరచేతిలో పట్టుకుని కళ్లు మూసుకుంది. ఆమె భుజాలు బిగుసుకున్నాయి. చేతులు తెలియకుండానే ముందుకు చాచి, లేని హ్యాండిల్‌ను పట్టుకున్నట్టు పిడికిళ్లు బిగించింది. తర్వాత నోరు కొంచెం తెరుచుకుంది. ఎదురుగాలికి తెరుచుకున్నట్టు తెరుచుకుంది. చాపల మీద ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు.

"ఏమైంది పెద్దమ్మా?" అంది గంగరత్న.

లేపాక్షమ్మ కళ్లు తెరిచింది. అవి నీళ్లతో మెరుస్తున్నాయి.

"ఈయప్ప బండి నేర్చుకున్యాడు" అంది. "ఎవరో వెనక పట్టుకోని పరిగెత్తుతా ఉండి, వదిలేసినారు. పడతాననుకున్యాడు. పడలేదు." బుడ్డిని పక్కనున్న ఆమె చేతిలో పెట్టింది. ఆమె పట్టుకుంది, తలూపింది, తర్వాతి ఆమెకిచ్చింది. ఒక్కొక్కరే తలూపారు. ఆ రకం సంతోషం గురించి అక్కడున్న వాళ్లలో ఎవరికీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

"అయితే ఏమని రాయమంటారు?" అని గంగరత్న కలం పట్టుకుని అడిగింది.

లేపాక్షమ్మ చుట్టూ చూసి, అందరి తరఫునా తీర్పు చెప్పింది.

"మంచోళ్లే. బాగుపడతాండారు. ఇంకో ఏడు ఇద్దాం."